400 గజాల్లో ఇల్లు: ఇన్‌స్టంట్ అనుమతి మేలా, సింగిల్ విండో మేలా?

సిద్దిపేట, సూర్యాపేట, జగిత్యాల లాంటి ఊళ్లలో 360 నుంచి 600 గజాల స్థలం ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: స్వీయ ధ్రువీకరణతో వెంటనే వచ్చే ఇన్‌స్టంట్ అనుమతి తీసుకోవాలా, డ్రాయింగ్ పరిశీలించాక ఇచ్చే సింగిల్ విండోకు వెళ్లాలా? అంతకన్నా చిన్న స్థలాలకు ఈ తర్జనభర్జన పెద్దగా ఉండదు. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటకపోతే ఒక్క రూపాయితో రిజిస్ట్రేషన్, అంతే. 300 చదరపు మీటర్లు, అంటే సుమారు 360 గజాలు దాటాకే 12 మీటర్ల ఎత్తుకు అవకాశం వస్తుంది కాబట్టి, ఎంచుకోవలసిన అవసరం అక్కడ మొదలవుతుంది. ఇవి తెలంగాణ నిబంధనలు. ఆంధ్రప్రదేశ్‌లో పరిమితులు వేరు.

2020 నాటి తెలంగాణ భవన అనుమతుల చట్టం (టీఎస్-బీపాస్) ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల లోపు నివాస భవనమైతే స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. ఎత్తు 10 మీటర్లు దాటితే సింగిల్ విండోకు వెళ్లాలి, గడువు 21 రోజులు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఇన్‌స్టంట్ అనుమతి చేతికొచ్చాక కూడా 21 రోజుల్లో తనిఖీ ఉంటుందని, తప్పు తేలితే దాన్ని రద్దు చేస్తారని మాత్రం చాలామంది పట్టించుకోరు. ఉత్తర్వు వచ్చిన మర్నాడే జేసీబీ పిలవకండి. తనిఖీ గడువు దాటేదాకా ఆగండి. అలా చూస్తే కాలం విషయంలో రెండు దారులకూ తేడా దాదాపు లేనట్టే.

అసలు తేడా తప్పు ఎప్పుడు బయటపడుతుందన్నది. సింగిల్ విండోలో డ్రాయింగ్‌ను ముందే పరిశీలిస్తారు. ప్లాటు గీత ఒకచోట కలవకపోయినా, డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్ (గీతల పొర) పేరు తప్పినా ఫైలు తిరిగొస్తుంది. విసుగే, కానీ నష్టం కాగితం దగ్గరే ఆగుతుంది. ఇన్‌స్టంట్‌లో మీరు రాసిన కొలతే ప్రమాణం, దానికి బాధ్యత కూడా మీదే. ధ్రువీకరణకు విరుద్ధంగా కట్టినదాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం మునిసిపాలిటీకి ఉంది.

ఎక్కువ తప్పులు రోడ్డు వెడల్పు దగ్గరే జరుగుతాయి. 40×90 అడుగుల ప్లాటు తీసుకోండి. 400 గజాలు, 334 చదరపు మీటర్లు. 12 మీటర్ల లోపు రోడ్డుకు ముందు 3 మీటర్లు, మిగతా మూడు వైపులా 2 మీటర్ల చొప్పున వదిలితే అంతస్తుకు సుమారు 1,980 చదరపు అడుగులు మిగులుతాయి. మీ ముందున్నది 20 అడుగుల రోడ్డయి, మాస్టర్ ప్లాన్‌లో దాన్ని 30 అడుగులకు పెంచాలని ఉంటే, మీ వైపు 5 అడుగులు వదిలి, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) అక్కడి నుంచి కొలవాలి. అంతస్తుకు మరో 134, మూడు అంతస్తులకు 400 చదరపు అడుగులు పోతాయి. పునాది పడ్డాక ఇది తెలిస్తే సరిదిద్దే దారి లేదు. అందుకే దరఖాస్తుకు ముందే టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి రోడ్డు వివరం రాతపూర్వకంగా తీసుకోండి. దస్తావేజులో రాసిన వెడల్పును నమ్మకండి.

స్థలం కొలిచేటప్పుడు నాలుగు పక్కలతో సరిపెట్టుకోకుండా, ఎదురెదురు మూలలకు టేపు పట్టండి. ఈ ప్లాటుకు రెండూ 98 అడుగుల 6 అంగుళాలు రావాలి. తేడా వస్తే స్థలం మూలమట్టంగా లేనట్టే. మేస్త్రీ ముగ్గు పోసేది గోడ మధ్య గీతకు, సెట్‌బ్యాక్ లెక్క గోడ బయటి అంచుకు. తొమ్మిది అంగుళాల గోడలో ఆ నాలుగున్నర అంగుళాలు ప్రతి వైపూ సెట్‌బ్యాక్‌లో తగ్గుతాయి.

ఇక ఎత్తు. ఒక అంతస్తు ఎక్కువ వస్తుందన్న ఆశతోనే చాలామంది 12 మీటర్లకు వెళతారు. 12 మీటర్లంటే 39 అడుగుల 4 అంగుళాలు. నాలుగు అంతస్తులు ఇరికించాలంటే బేస్‌మెంట్‌ను, అంటే నేల మట్టం మీద ఇంటి గచ్చు ఎత్తును, అడుగున్నరకు దించాలి. 5 అంగుళాల స్లాబ్ పోను గది ఎత్తు 9 అడుగులు దాటదు. రోడ్డు మీద రోడ్డు వేసి మట్టం పెంచుకుంటూ పోయే మన వీధుల్లో అడుగున్నర బేస్‌మెంట్ ఉన్న ఇంట్లోకి కొన్నేళ్లలోనే వాన నీళ్లు వస్తాయి. అదే 10 మీటర్లలో మూడు అంతస్తులకైతే స్లాబ్ నుంచి స్లాబ్‌కు 10 అడుగులు పెట్టుకున్నా బేస్‌మెంట్‌కు 2 అడుగుల 9 అంగుళాలు మిగులుతాయి. పిట్టగోడ, మెట్ల గది, ట్యాంకు ఎత్తులో కలవవు. పైగా 10 మీటర్లకూ 12 మీటర్లకూ సెట్‌బ్యాక్‌లు ఒకటే. సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇంటికి ఇన్‌స్టంట్ దారిలో మూడు అంతస్తులే మంచివి. నాలుగో అంతస్తు అద్దె లేకపోతే బ్యాంకు వాయిదా కట్టలేని పరిస్థితి ఉంటేనే రెండో దారి ఆలోచించండి.

మార్ట్‌గేజ్ గురించి పెద్దగా చూడక్కర్లేదు. 200 చదరపు మీటర్ల స్థలం, 7 మీటర్ల ఎత్తు దాటాక ఏ దారిలో వెళ్లినా 10 శాతం విస్తీర్ణం మునిసిపాలిటీ దగ్గర తాకట్టులో ఉంటుంది, ఇల్లు అనుమతి ప్రకారం పూర్తయిందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో విడుదలవుతుంది. అనుమతి లేని లేఅవుట్ ప్లాటయితే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాగితం రెండింటికీ కావాలి.

ముందు గదికి షట్టర్ పెట్టి కిరాణా కొట్టుకో మందుల దుకాణానికో ఇద్దామనుకుంటే మాత్రం పై లెక్కలన్నీ పక్కన పెట్టండి. ఇన్‌స్టంట్ అనుమతి నివాసానికే. నివాసమని ధ్రువీకరించి షట్టర్ బిగిస్తే అది తప్పుడు ధ్రువీకరణే. కొట్టు ఖాయమైతే ఎత్తు ఎంతైనా సరే, సింగిల్ విండోలోనే వేయండి.