క్వెచువాకు మగ్గమా, పాటా?
దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో మాట్లాడే క్వెచువా భాషను నిలబెట్టేది నేతా, పాటా అన్నదే ప్రశ్న. పెరూలోని చించెరోలో ఆడవాళ్లు మగ్గం ఒక కొసను గుంజకు, రెండో కొసను నడుముకు కట్టుకుని, నేలమీద కూర్చుని నేస్తారు. నాగజెముడు మీద బతికే కొచినీల్ పురుగులను ఎండబెట్టి నూరితే ఎర్రరంగు. అందులో నిమ్మరసం పిండితే నారింజ వైపు తిరుగుతుంది. బట్టలో తేలే బొమ్మలను ‘పల్యాయ్’ అంటారు. క్వెచువాలో ఏరడం అని అర్థం. పోగులను ఒక్కొక్కటిగా ఏరి నేస్తారు మరి! ఒకప్పుడు పెరూను ఏలిన ఇంకాల వారసత్వాన్ని ఇంత దగ్గరగా చూపించేది ఇంకోటి లేదనిపిస్తుంది. కానీ ఆ గుడ్డ కొనుక్కెళ్లే టూరిస్టు చెవిన ‘పల్యాయ్’ అన్న మాట పడకపోవచ్చు.

అందుకే భాష వరకైతే నేను పాట వైపే. పెరూలోని అయకుచో అమ్మాయి రెనాటా ఫ్లోరెస్ 2015లో మైకేల్ జాక్సన్ పాటను క్వెచువాలో పాడితే వీడియో వైరల్ అయింది. తర్వాత ర్యాప్ కూడా అదే భాషలో చేసింది. నలుగురిలో క్వెచువా మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లలకు కావలసింది ఇదే.