రెండు హ్యాండ్‌మేడ్ స్నూకర్ క్యూలు, పన్నెండేళ్ల వాడకం

నా దగ్గర రెండు హ్యాండ్‌మేడ్ స్నూకర్ క్యూలు, అంటే బాల్‌ని కొట్టే కర్రలు, ఉన్నాయి. మొదటిది 2013లో లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఇంగ్లండ్‌లోనే ఆర్డరిచ్చి చేయించుకున్నది. రెండోది 2018లో థాయ్‌లాండ్ నుంచి తెప్పించుకున్నది. 2019లో హైదరాబాద్ వచ్చేశాను. అప్పటి నుంచి వారానికి మూడు నాలుగు రోజులు క్లబ్బులో ఆడుతున్నాను. రెండింటినీ అన్ని కాలాల్లోనూ వాడాను కాబట్టి, ఇలాంటి క్యూ కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

తయారుచేసినవాళ్ల పేర్లు మాత్రం చెప్పను. చేతితో చేసిన క్యూలో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకే మేస్త్రి ఒకే నెలలో చేసిన రెండు క్యూలు చేతిలో వేర్వేరుగా పలుకుతాయి. నా క్యూ చూసి ఆ వర్క్‌షాప్ మొత్తానికి మార్కులు వేస్తే అన్యాయమవుతుంది.

ముందు వివరాలు. ఇంగ్లండ్ క్యూ: యాష్ అనే తెల్ల కర్రతో షాఫ్ట్ (ముందువైపు సన్నటి భాగం), ఎబొనీ అనే నల్ల కర్రతో బట్ (చేత్తో పట్టుకునే లావు భాగం), రెండు ముక్కలుగా విప్పే జాయింట్ టిప్ నుంచి మూడొంతుల దూరంలో, పొడవు 58 అంగుళాలు, బరువు 18 ఔన్సులు, టిప్ (బాల్‌కి తగిలే తోలు కొస) 9.5 మిల్లీమీటర్లు. అప్పట్లో 650 పౌండ్లయింది, చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. థాయ్ క్యూ కూడా యాష్, ఎబొనీయే. పొడవు అర అంగుళం తక్కువ, బరువు పదిహేడున్నర ఔన్సులు, టిప్ అదే సైజు. పోస్టేజీతో కలిపి 290 పౌండ్లు.

మొదటి క్యూ కొన్న రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. వర్క్‌షాప్‌లో మేస్త్రి బల్ల మీద ఆరు యాష్ షాఫ్టులు పరిచాడు. ఒక్కొక్కదాన్నీ నిలబెట్టి నేలకు తాటించి చప్పుడు వినిపించాడు. కొన్ని డొల్లగా మోగాయి, ఒకటి మాత్రం ఖంగుమంది. దాని మీద కర్ర చారలు ఏర్పరిచే బాణం గుర్తులు దగ్గర దగ్గరగా ఉన్నాయి, పక్క నుంచి చూస్తే చారలు టిప్ దాకా నిటారుగా వెళ్లాయి. దాన్ని ఆయన రెండుసార్లు నా ముందుకు జరిపాడు. నేను మాత్రం పెద్ద పెద్ద బాణాలతో తెల్లగా మెరుస్తున్న వేరేదాన్ని ఐదు నిమిషాల్లో ఎంచుకున్నాను. ఆ తర్వాత బట్ మీద ఏ రంగు పలుచటి చెక్కలు వేయించాలో తేల్చుకోవడానికి గంట కూర్చున్నాను. ఆ గంట షాఫ్టుల దగ్గర కూర్చోవాల్సింది.

ఎందుకో చెప్పాలంటే ఈ క్యూ ఎలా తయారవుతుందో చెప్పాలి. షాఫ్ట్ కింది భాగాన్ని నాలుగు పక్కలా ఏటవాలుగా రందా పట్టి, ఎబొనీ బద్దల్ని ఒకదాని తర్వాత ఒకటి జిగురుతో అతికిస్తారు. అంతా ఆరాక మళ్లీ రందాతో గుండ్రంగా చేస్తారు. బట్ మీద కనిపించే నాలుగు నల్లటి కొసలు అలా వచ్చినవే. చేత్తో చేసినవాటిలో ఆ కొసలు కాస్త గుండ్రంగా ఉంటాయి, మెషీన్ మీద చేసినవాటిలో సూదిలా మొన తేలి ఉంటాయి. అంటే బట్ లోపల నడిచేది కూడా ఆ యాష్ కర్రే. మూడొంతుల జాయింట్ ఉన్న క్యూలో ఎబొనీ కొసలు జాయింట్ దాటి పైముక్క మీదికి వస్తాయి. పూల్ క్యూలాగా నచ్చని షాఫ్ట్ విప్పేసి ఇంకోటి బిగించుకునే వీలు మామూలుగా ఉండదు. ఎంచుకున్న కర్రే క్యూ, చివరిదాకా.

ఇంగ్లండ్ క్యూ పనితనంలో వంక పెట్టడానికి లేదు. పన్నెండేళ్లయినా జాయింట్ దగ్గర గోరు పెట్టి గీస్తే తగలదు. నాలుగు కొసలూ ఒకే ఎత్తులో ఆగాయి. చేతిలో తూకం చక్కగా కుదిరింది. మెల్లగా కొట్టే షాట్లకు, బ్లాక్ బాల్ చుట్టూ తిరుగుతూ బ్రేక్ (ఒకే విడతలో వరుసగా పాయింట్లు) కట్టడానికి ఇప్పటికీ ఇదే నాకు హాయి. కష్టమల్లా టేబుల్ పొడవునా గట్టిగా కొట్టాల్సి వచ్చినప్పుడే. షాఫ్ట్‌లో చేవ తక్కువ. లాంగ్ పాట్‌కి (దూరంగా ఉన్న బాల్‌ని పాకెట్‌లో వేయడానికి) స్క్రూ, అంటే వైట్ బాల్ వెనక్కి వచ్చేలా కింద కొట్టే దెబ్బ, కలిపితే ముందు భాగం వణికినట్టు అనిపిస్తుంది, దెబ్బ చేతికి సగమే చేరుతుంది.

థాయ్ క్యూ మా లీగ్‌లో ఒకాయన చేతిలో చూశాను. ఒక్క ఫ్రేమ్ ఆడనిచ్చాడు. బాల్‌కి తగిలిన చప్పుడే వేరు. నేనూ ఆర్డరిచ్చాను. ఈసారి బట్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. షాఫ్టుల ఫొటోలు పైనుంచి, పక్కనుంచి పంపమని అడిగి, పది రోజులు చూసి ఎంచుకున్నాను.

ఈ షాఫ్ట్ గట్టిది, ముందు భాగం బరువైనది. దీనికో మూల్యం ఉంది. క్యూ ముందు భాగంలో బరువు ఎక్కువైతే, సైడ్ పెట్టి, అంటే వైట్‌ని మధ్యలో కాకుండా ఒక పక్కగా కొట్టినప్పుడు, అది అంత ఎక్కువగా పక్కకు జరుగుతుంది. కుడి సైడ్ పెడితే ఎడమకు, ఎడమ సైడ్ పెడితే కుడికి. మొదటి నెల స్పాట్ మీదున్న బ్లూ బాల్‌ని కార్నర్ పాకెట్‌లోకి కుడి సైడ్‌తో కొడితే ప్రతిసారీ పాకెట్ దవడకు తగిలి వచ్చేసేది. టెన్షన్ పట్టలేక రెండుసార్లు పాత క్యూకి వెళ్లిపోయాను. మూడు నెలలకు గాని కన్ను సర్దుకోలేదు. సర్దుకున్నాక లాంగ్ పాట్లు నేను ఎన్నడూ కొట్టనంత బాగా పడ్డాయి. కొత్త క్యూని రెండు వారాల్లో తీసిపారేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే, మూడు నెలలు ఇవ్వండి.

థాయ్ క్యూ ఫినిషింగ్‌లో మాత్రం లోపాలున్నాయి. షాఫ్ట్ మీద మందంగా వార్నిష్ పూసి పంపారు. లీడ్స్ చలిలో తెలియలేదు గాని, హైదరాబాద్‌లో మొదటి వానాకాలం రాగానే బొటనవేలి సందులో అతుక్కుపోయింది. బాగా సన్నటి గరుకు కాగితంతో ఒక్కసారే తీసేసి, అవిసె నూనె పట్టించాను. అప్పటి నుంచి మెత్తగా జారుతోంది. ఈ పని మాటిమాటికీ చేయకండి, రుద్దిన ప్రతిసారీ కర్ర సన్నబడుతుంది. పద్నాలుగు నెలలకు జాయింట్‌లో ఇత్తడి ముక్క జిగురు వదిలి ప్రతి షాట్‌కీ టిక్కుమనడం మొదలైంది. అమ్మినవాళ్లకు ఫొటోలతో సహా నాలుగుసార్లు రాశాను, రెండు నెలలు జవాబు లేదు. చివరికి మా క్లబ్బులో టేబుళ్లకు గుడ్డ వేసే ఆయన దాన్ని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ అతికించాడు. ఆ తర్వాత ఆ శబ్దం రాలేదు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. 2022 మేలో ఒక మధ్యాహ్నం ఇంగ్లండ్ క్యూ కారు డిక్కీలో ఉండిపోయింది. సాయంత్రం కన్ను దగ్గర పెట్టి చూస్తే టిప్ నుంచి అడుగు దూరంలో సన్నటి వంపు. టేబుల్ మీద దొర్లించి చూసి నిటారుగా ఉందో లేదో తేల్చడం కష్టం, చాలా క్యూలకు బట్ చివర ఒక పక్క చదునుగా చెక్కి ఉంటుంది. తుపాకీ గొట్టంలోకి చూసినట్టు టిప్ వైపు నుంచి ఒక కన్నుతో చూడాలి, తిప్పుతూ చూడాలి. ఆ వంపు ఆటకు అడ్డం కాలేదు గాని, నాకు చాలా రోజులు మనసు పట్టలేదు.

ఖరీదైన క్యూ కొంటే ఆట బాగుపడుతుందా అని అడుగుతుంటారు. స్కాట్లండ్ స్నూకర్ ఆటగాడు స్టీఫెన్ హెండ్రీ తన ఏడు ప్రపంచ టైటిళ్లూ గెలిచింది సుమారు 40 పౌండ్ల రెక్స్ విలియమ్స్ పవర్‌గ్లైడ్ క్యూతో. అది 2003లో విమాన ప్రయాణంలో విరిగిపోయింది. అలాగని ఖరీదైన క్యూ దండగ అని నేననను. ఇంకో ప్రపంచ చాంపియన్ రోనీ ఓ సలివన్ కెరీర్‌లో ఎక్కువ కాలం ఆడింది జాన్ పారిస్ అనే మేస్త్రి చేతి క్యూతోనే. ఇద్దరి దగ్గరా ఉన్నది తమ చేతికి కుదిరిన కర్ర.

టిప్ గురించి పెద్దగా రాయను. ఏ టిప్ ఉన్నా మార్చుకోవచ్చు, దాని కోసం క్యూ ఎంపిక మార్చుకోకండి. కేసు మాత్రం గట్టిది కొనండి. మూడొంతుల క్యూకి కేసు నాలుగు అడుగులకు దగ్గరగా ఉంటుంది, సూట్‌కేసులో పట్టదు.

పోయిన నెల మా క్లబ్బు కుర్రాడొకడు వచ్చి, “అన్నా, లక్ష దాకా పెట్టగలను, ఏది కొనమంటావ్?” అన్నాడు. సాదా ఎబొనీ బట్ చాలన్నాను. బాణం గుర్తులు దగ్గర దగ్గరగా ఉన్న, ముడులు లేని, పక్క చారలు టిప్ దాకా తప్పని షాఫ్ట్ ఫొటో వచ్చేదాకా డబ్బు పంపొద్దన్నాను. ఆ తర్వాత నా రెండు క్యూలూ ఇచ్చి ఆడి చూడమన్నాను. రెండు గంటలు ఆడి, వంపు తిరిగిన ఇంగ్లండ్ క్యూనే వదల్లేకపోయాడు. వాడి ఆట మెత్తన, లాంగ్ పాట్లకు పోడు, వాడి చేతికి అదే కుదిరింది. మ్యాచ్‌లకు నేను తీసుకెళ్లేది మాత్రం థాయ్ క్యూనే.