పాత ప్రయాణికుల ఓడ మోడల్: డీలర్‌కా, వేలానికా, ఆన్‌లైన్‌లోనా, మ్యూజియానికా - ఏది మేలు?

మద్రాసు, కలకత్తా, విశాఖ లాంటి రేవు పట్టణాల్లో స్టీమరు కంపెనీల టికెట్టు ఆఫీసుకి వెళ్తే ఒకప్పుడు ముందు కళ్ళబడేది గాజుపెట్టెలోని ఓడ మోడల్. కంపెనీలు చేతులు మారాయి, ఏజెన్సీలు మూతపడ్డాయి. అలాంటి పెట్టెలు కొన్ని మాత్రం ఎవరింటి హాల్లోనో, మేడమెట్ల కిందో ఉండిపోయాయి. ఇల్లు ఖాళీ చేసే రోజు వచ్చేసరికి వారసులకు రెండు ప్రశ్నలు: ఎంత పలుకుతుంది, ఎక్కడ అమ్మాలి?

చాలామంది రెండో ప్రశ్నతో మొదలుపెడతారు. వాట్సాప్‌లో ఫోటో డీలర్‌కి వెళ్తుంది, ఆయన ఒక రేటు చెప్తాడు, ఇక బేరమంతా ఆ రేటు చుట్టూనే తిరుగుతుంది. నేనైతే ఆ మోడల్ ఎవరు చేశారో, ఎవరి కోసం చేశారో తేలేదాకా ఒక్క డీలర్‌కీ చూపించను. ఎక్కడ అమ్మితే మేలన్నది అది తేలాకే తెలుస్తుంది.

ముందు ఇది ఏ రకం?

అన్నిటికంటే విలువైనది షిప్‌యార్డు మోడల్. ఓడ కట్టిన యార్డే, కట్టించుకున్న కంపెనీ కోసం చేసిపెట్టింది. స్కేలు ఎక్కువగా 1:48 లేదా 1:96. అంటే అసలు ఓడలో అడుగుకు మోడల్లో పావు అంగుళం, లేదంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పలకల మీద పలకలు అతికించి చెక్కిన కలప ఒళ్ళు, వెండి పూతో బంగారు పూతో పోసిన ఇత్తడి సామాను, మహాగని పెట్టె, లోపల యార్డు పేరు, ఓడ కొలతలు చెక్కిన పలక. భూతద్దం పెట్టి చూస్తే డెక్కు మీద పలకల గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. లైఫ్‌బోట్లను దింపే కొక్కేల్లో కప్పీలు కూడా విడివిడిగా ఉంటాయి.

రెండోది ఏజెన్సీ మోడల్. టికెట్లు అమ్మే ఆఫీసుల్లో పెట్టడానికి కంపెనీలు మోడల్ తయారీదారులతో చేయించినవి. ఇంగ్లండు నార్తాంప్టన్ సంస్థ బాసెట్-లోక్ ఈ పనిలో పెద్ద పేరు. వీటిలో పనితనం కాస్త తక్కువ, రంగులు మాత్రం కంటికి కొట్టొచ్చినట్టుంటాయి. కొనేవాళ్ళకు లోటు లేదు.

మూడోది అలంకరణ సరుకు. నాలుగు పొగగొట్టాల టైటానిక్‌లు, ప్లాస్టిక్ కిట్లు, బహుమతుల దుకాణం ఓడలు. వీటికి వేలం మాట మర్చిపోండి, ఆన్‌లైన్‌లో పెట్టి వచ్చిందే చాలనుకోండి.

స్కేలు తేల్చడం కష్టం కాదు. మోడల్ పొడవు టేపుతో కొలిచి, అసలు ఓడ పొడవును దాంతో భాగించాలి. టైటానిక్ పొడవు 882 అడుగుల 9 అంగుళాలు. 1:96లో అది 9 అడుగులు దాటుతుంది, 1:1200లో 9 అంగుళాలు కూడా రాదు. లెక్క ఏ ప్రామాణిక స్కేలుకీ కుదరకపోతే అది ఎవరో చూపు మీద చేసినదయ్యే అవకాశమే ఎక్కువ. పెద్దదైతే ధర పెరుగుతుందన్న లెక్క కూడా పెట్టుకోకండి. ఐదడుగుల గాజుపెట్టె ఫ్లాట్‌లో పెట్టుకునేవాళ్ళు ఎందరు? హోటళ్ళు, పెద్ద ఆఫీసులు, మ్యూజియాలు తప్ప అడిగేవాళ్ళు ఉండరు.

పేరును బట్టే ధర

ఒకే అచ్చున ఉన్న రెండు మోడళ్ళకు ధర ఎలా మారుతుందో చెప్పడానికి మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ మన తీరానికి పాత పరిచయం. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిన మన కూలీజనం ఆ కంపెనీ స్టీమర్ల డెక్కుల మీద ప్రయాణం చేసినవాళ్ళే. నల్ల పొగగొట్టానికి రెండు తెల్ల పట్టీలు, అదీ దాని గుర్తు. మోడల్ మీద ఆ పట్టీలు కనబడితే సగం చిరునామా దొరికినట్టే.

ఆ కంపెనీ 1926లో ఒక జత ఓడలు కట్టించింది. గ్లాస్గోలో బార్‌క్లే కర్ల్ యార్డు కట్టింది రాజులా, టైన్ నది ఒడ్డున హాథార్న్ లెస్లీ కట్టింది రోహ్నా. మద్రాసు నుంచి పెనాంగ్, సింగపూర్ వెళ్ళే దారి వీటిది. రాజులా 5 వేలకు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునేలా తయారైన ఓడ. దాదాపు అర్ధ శతాబ్దం నడిచింది, 1973లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కొని రంగత్ అని పేరు పెట్టింది. రోహ్నా కథ వేరు. 1943 నవంబరు 26న మధ్యధరా సముద్రంలో జర్మన్ల గైడెడ్ బాంబు తగిలి మునిగింది. అందులో వెయ్యిమందికి పైగా అమెరికన్ సైనికులు పోయారు.

ఇప్పుడు ఒకే రూపంలో ఉన్న రెండు మోడళ్ళు ఊహించుకోండి. పలక మీద రాజులా అని ఉంటే చెన్నైలోనో సింగపూర్‌లోనో తాత ఆ ఓడెక్కిన కుటుంబం ఆశపడుతుంది. రోహ్నా అని ఉంటే అమెరికాలో యుద్ధ చరిత్ర సేకరించేవాళ్ళు పోటీకి దిగుతారు. మోసానికి దారి కూడా ఇక్కడే. జంట ఓడ మోడల్‌కి పేరు మార్చడం పది నిమిషాల పని. పలక కింద పాత స్క్రూ రంధ్రాలున్నాయా, ముక్కు మీదా వెనకా రాసిన పేరు కింద ఇంకో పేరు ఉబ్బెత్తుగా కనిపిస్తోందా అన్నది ఏటవాలుగా టార్చి వేసి చూడాలి. పేరు మారిందంటే మోసమేనని కూడా కాదు. ఒలింపిక్, టైటానిక్, బ్రిటానిక్ అక్కచెల్లెళ్ళ కోసం బెల్‌ఫాస్ట్ యార్డు ఒకే పెద్ద మోడల్‌ను మార్చి మార్చి వాడుకుంది. అది ఇప్పుడు లివర్‌పూల్ మ్యూజియం సొత్తు. మార్పు ఎవరు చేశారో చెప్పగలగాలి, అంతే.

బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టా?

ఉన్నదున్నట్టే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మోడల్లో చిన్న సామాను కొంత సీసంతో పోస్తారు: లంగర్లు, గాలిగొట్టాలు, ఒక్కోసారి లైఫ్‌బోట్లు. మూసిన పెట్టెలో చెక్క, జిగురు, రంగు వదిలే ఆమ్లపు ఆవిరి ఏళ్ళ తరబడి ఆ సీసాన్ని తినేస్తుంది. లంగరు మీద సున్నం రాలినట్టు తెల్లటి పొడి కనిపిస్తే అదే. ఊదకండి, తుడవకండి, అది విషం.  ఇంట్లో చేసే పని ఒక్కటే: పెట్టె బయటి గాజు తుడిచి, లోపలికి చెయ్యి పెట్టకుండా ఫోటోలు తీయడం. తెగిన దారాలు కట్టించడం, కొత్త రంగు వేయించడం, ఇత్తడి తళతళలాడించడం అన్నీ కొనేవాడి ఇష్టానికి వదిలేయండి. నిండా కొత్త రంగు వేసిన మోడల్‌ని సేకర్తలు అనుమానంగానే చూస్తారు. రాలిపడిన ముక్కలు మాత్రం పారేయకండి, కవర్లో వేసి పెట్టెతో పాటే ఇవ్వండి.

ఇక ఎక్కడ?

డీలర్ అంటే మనవాళ్ళకు చులకన, తక్కువకి కొట్టేస్తాడని. ఊరికే లెక్క కోసం చూద్దాం. ఈ అంకెలు నేను వేసుకున్నవే. వేలంలో మోడల్ 3 లక్షలకు పోయింది. అమ్మేవాడి కమిషన్ 15 శాతం అనుకుంటే 45 వేలు పోతాయి. ప్యాకింగ్, రవాణా, ఇన్సూరెన్సు, కేటలాగు ఫోటోలు కలిపి ఇంకో 40 వేలు. చేతికొచ్చేది 2 లక్షల 15 వేలు, అదీ నెలలు గడిచాక. డీలర్ ఇంటికొచ్చి 2 లక్షలు లెక్కపెట్టి తన మనుషులతో మోయించుకుపోతే తేడా ఎంత? పైగా వేలంలో కొనేవాడు కూడా సుత్తి ధర (పాట ఆగిన ధర) మీద పాతిక శాతం అటూఇటుగా వేలం సంస్థకు ప్రీమియం కట్టుకోవాలి, అది మనసులో పెట్టుకునే పాడతాడు. కాబట్టి మామూలు ఏజెన్సీ మోడల్‌కి, ముగ్గురు డీలర్లను విడివిడిగా అడిగి అమ్ముకోవడంలో తప్పేమీ లేదు. ఒక్కరినే అడగడం తప్పు.

షిప్‌యార్డు మోడల్ అయితే ఈ లెక్క తిరగబడుతుంది. దాన్ని ఓడల సామానుకే వేలాలు పెట్టే చోటికే పంపాలి. లండన్‌లో చార్లెస్ మిల్లర్ సంస్థ పని అదే, బోనమ్స్, క్రిస్టీస్ లాంటి పెద్ద వేలం సంస్థల్లోనూ ఇవి అమ్ముడయ్యాయి. ఫోటోలు పంపితే అంచనా చెప్తారు. ఆ అంచనా చూసి పొంగిపోయి కనీస ధర (అంతకు తక్కువైతే అమ్మవద్దన్న హద్దు) మరీ ఎక్కువగా పెట్టించుకుంటే అమ్ముడవకుండా తిరిగొస్తుంది. ఒకసారి అలా తిరిగొచ్చిన సరుకును కొనేవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు, రెండోసారి ఇంకా తక్కువకి పోతుంది. కనీస ధర అంచనాలో కింది అంకె దగ్గరో, దానికి కాస్త దిగువనో పెట్టించుకోవడం మంచిది.

అయితే మన దేశంలో ఉన్న మోడల్‌ని లండన్ పంపడానికి ముందు ఒక గోడ దాటాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన కళాఖండాలు, పనితనం చూపే వస్తువులు పురావస్తువుల కిందకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 1926లో చేసిన మోడల్‌కి 2026లో నూరేళ్ళు. రాజులా కాలపు మోడళ్ళన్నీ ఇప్పుడు సరిగ్గా ఆ గీత మీద ఉన్నాయి. నూరేళ్ళు నిండనిదైతే పురావస్తువు కాదని ఆర్కియలాజికల్ సర్వే నుంచి సర్టిఫికెట్ తీసుకోవచ్చు, దానికి తయారైన ఏడాది చూపే కాగితం కావాలి. పలకలో ఏనుగుదంతం ఉంటే సమస్య ఇంకా పెద్దది, వన్యప్రాణి చట్టం దేశంలో కూడా అమ్మనివ్వదు. నూరేళ్ళు దాటిన షిప్‌యార్డు మోడల్ చేతిలో ఉంటే ముంబై వేలం సంస్థల్లో అడగడమే దారి. అక్కడ పెయింటింగ్‌లకున్న గిరాకీ ఓడలకు ఉండదు, ఆ మేరకు తగ్గించుకోవాల్సిందే. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి అక్కడే దొరికిన మోడల్ అయితే ఈ తలనొప్పి లేదు, నేరుగా ఓడల వేలానికే.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పను. మూడడుగుల లోపు మోడల్, పెట్టె లేనిది, కొరియర్‌లో పోగలిగేది అయితే బాగుంటుంది. పెద్దదైతే కొనేవాడే వచ్చి తీసుకెళ్ళాలన్న షరతు పెట్టండి. సేకర్తల గ్రూపుల్లో ఓడ పేరు ఉచితంగా తేల్చిపెడతారు, ఆ గంటలోనే ఇన్‌బాక్స్‌లో సగం ధరకు అడుగుతారు కూడా.

మ్యూజియం డబ్బివ్వదు. కానీ ఏజెన్సీ పాత కాగితాలు, ప్రయాణికుల జాబితాలు, టికెట్టు పుస్తకాలు మోడల్‌తో పాటు ఉంటే నేను మొదట వెళ్ళేది విశాఖ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికే. రంగం వెళ్ళిన మనవాళ్ళ చరిత్ర రాసేవాళ్ళకు ఆ కాగితాలు మోడల్ కంటే ఎక్కువ అవసరం. వాళ్ళకు చోటు లేక మోడల్ వద్దంటే కాగితాలు మాత్రం ఇచ్చి, మోడల్ అమ్ముకోండి. ఇచ్చే ముందు వాటిని స్కాన్ చేసి ఉంచుకుంటే ఆ కాపీలు మోడల్ ధరను కూడా పెంచుతాయి.

ఎవరికి అమ్మినా పంపేటప్పుడు మోడల్ వేరు, పెట్టె వేరు. గాజు పలకలు ఊడదీసి విడిగా కట్టాలి. ఓడను తన ఊత దిమ్మెతో సహా కింది నుంచి స్క్రూలతో క్రేటు అడుగుకు బిగించాలి. దారాలకూ స్తంభాలకూ బబుల్ ర్యాప్ చుట్టకూడదు, చుట్టూ ఖాళీ వదలాలి. ఈ ఖర్చు ఎవరిదో బేరం కుదిరే రోజే కాగితం మీద రాయించుకోండి.