బడి ఆఫీసులో లినక్స్ మింట్: మెనూ సులువే, మెలికంతా ప్రింటర్‌తోనూ తెలుగుతోనూ

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మద్దతు గడువు ముగిసింది. బడుల్లో ఇంకా నడుస్తున్న నాలుగో తరం, ఆరో తరం ఐ3 డెస్క్‌టాప్‌లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. దానికి ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. యంత్రం చూస్తే బాగానే ఉంది, మూలన పడేయడానికి మనసొప్పదు. అప్పుడు ఎవరో ఒకరు విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ పేరు ఎత్తుతారు. ఇక్కడ చూస్తున్నది మింట్ 22 వరుసలోని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఎడిషన్, అదీ స్టాఫ్‌రూమ్, ఆఫీసు గది అవసరాల కోణంలో. ల్యాబ్‌లో పిల్లలు దేనికైనా అరగంటలో అలవాటు పడతారు. సాయంత్రంలోగా ఎస్‌ఏ (సమ్మేటివ్ పరీక్ష) మార్కులు ఎక్కించాల్సిన టీచరుకు ఆ తీరిక ఎక్కడిది?

ముందు మంచి సంగతులు. డబ్బు కట్టనక్కర్లేదు. మింట్ 22కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, అన్నీ విండోస్ అలవాటున్న చేతికి అందేచోటే ఉంటాయి. 4 జీబీ ర్యామ్‌తో పని జరుగుతుంది. క్రోమ్‌లో పది ట్యాబ్‌లు తెరిచే అలవాటుంటే మాత్రం 8 జీబీ వేయించండి. పాత హార్డ్‌డిస్క్ మీదే ఎక్కించి "లినక్స్ కూడా నత్తనడకే" అనడం న్యాయం కాదు. ఆ నత్త హార్డ్‌డిస్కే. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాక ఎక్కించండి. యూడైస్ ప్లస్, దీక్ష లాంటివి బ్రౌజర్‌లో నడిచేవి కాబట్టి వాటికి సిస్టమ్ మారినా పెద్ద తేడా పడదు.

ఎక్కించే ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే విండోస్ ప్రోగ్రామ్‌తో మింట్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైలు) రాసి, కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ మెనూలోంచి దాన్ని ఎంచుకోండి. బూట్ మెనూ కీ డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీల్లో ఎఫ్9. డిస్క్‌ను ముట్టుకోకుండానే మింట్ తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కకుండా ఆ పూటంతా అందులోనే వైఫై, ప్రొజెక్టర్, శబ్దం, అన్నిటికన్నా ముఖ్యంగా ప్రింటర్ పరీక్షించండి.

ప్రింటర్ దగ్గరే సగం బళ్లు బోల్తా పడతాయి. ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంక్‌ట్యాంక్‌లు ఎక్కువగా తగిలించగానే పనిచేస్తాయి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, ఎం1005 మన ఆఫీసుల్లో విరివిగా కనిపించే సరుకు. ఇవి జాబితాలో కనిపిస్తాయి, పని పంపితే కాగితం రాదు. వీటికి హెచ్‌పీ వాళ్ల ప్లగిన్ (అదనపు డ్రైవర్ ముక్క) విడిగా దించుకోవాలి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో హెచ్‌పీలిప్ టూల్‌బాక్స్ వేసి, ప్రింటర్‌ను అందులోంచి చేర్చితే ప్లగిన్ కావాలా అని అదే అడుగుతుంది. ఆ సమయంలో నెట్ ఉండాలి. ఇక కానన్ ఎల్‌బీపీ 2900. గట్టి ప్రింటరే, కాదనలేం. కానీ అది మాట్లాడే క్యాప్ట్ పద్ధతికి లినక్స్‌లో కుదురైన డ్రైవర్ లేదు. కానన్ ఇచ్చినది పాతబడింది, ఔత్సాహికులు రాసినవి అప్‌డేట్ తర్వాత మొరాయించవచ్చు. ఆఫీసులో ఉన్న ఒకే ప్రింటర్ అదైతే ఆ యంత్రాన్ని మార్చకండి.

తెలుగు విషయంలో రెండు వేర్వేరు చిక్కులున్నాయి, కలిపి చూడకూడదు. మొదటిది టైపింగ్. ఇన్‌స్క్రిప్ట్ (ప్రభుత్వ ప్రామాణిక కీబోర్డు) వచ్చినవాళ్లకు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చితే చాలు. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టేవాళ్లకు, యాపిల్ కీబోర్డు అలవాటున్నవాళ్లకు ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ కావాలి. అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, యాపిల్, సరళ పద్ధతులన్నీ ఉన్నాయి. ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకున్నాక ఒకసారి లాగౌట్ అయి రావాలి. అది మరచిపోయి "రాలేదు, పోయింది" అని వదిలేసేవాళ్లే ఎక్కువ.

రెండోది పాత ఫైళ్లు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన ప్రశ్నపత్రాలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాలు) కావు. అను ఫాంటు లేని చోట వాటి తెలుగు అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌కు లినక్స్ రూపమే లేదు. ఏళ్ల తరబడి పోగైన ప్రశ్నపత్రాలు అందులో ఉంటే ఆ యంత్రం విండోస్‌లోనే ఉండాలి, కొత్త పత్రాలను యూనికోడ్‌లో మొదలుపెట్టాలి. గౌతమి, నిర్మల ఫాంట్లతో వర్డ్‌లో చేసినవి తెరుచుకుంటాయి. ఆ ఫాంట్లు మింట్‌లో ఉండవు కాబట్టి వేరేవి వచ్చి కూర్చుని, రెండు పేజీల పత్రం రెండున్నర పేజీలవుతుంది. తెలుగు విజయం ఫాంట్ల ప్యాకేజీ వేసి ఒక ఫాంటుకు అందరూ కట్టుబడితే ఈ గొడవ తగ్గుతుంది.

మింట్‌లో ఎంఎస్ ఆఫీస్ స్థానంలో ఉండే లిబ్రెఆఫీస్‌లో ఇంకో చిలిపి పేచీ ఉంది. స్టైల్‌లో అక్షర సైజు 12 నుంచి 14కి మార్చితే ఇంగ్లిషు పెరుగుతుంది, తెలుగు ఉన్నచోటే ఉంటుంది. తెలుగును అది సంక్లిష్ట లిపుల కోవలో పెట్టి విడి సైజు చూస్తుంది. ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ చేస్తే స్టైల్ పెట్టెలో తెలుగుకు వేరే వరుస కనిపిస్తుంది, సైజు అక్కడ మార్చాలి. పనిలో పనిగా, సేవ్ చేసేటప్పుడు ఎప్పుడూ వర్డ్ ఫార్మాట్‌లోనే చేసేలా లోడ్, సేవ్ పేజీలో ఒకేసారి అమర్చండి. లేకపోతే లిబ్రెఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీటీ ఫైలు ఎంఈఓ ఆఫీసుకు వెళ్లి, "మీ ఫైలు ఓపెన్ కావట్లేదండీ" అని ఫోన్ వస్తుంది.

ఎక్సెల్ సంగతి ముక్కుసూటిగా చెప్పాలి. మార్కుల జాబితాలు, హాజరు పట్టికలు, మామూలు సూత్రాలు బాగానే నడుస్తాయి. ఏటా జనవరి, ఫిబ్రవరిల్లో చేతులు మారే ఆదాయపు పన్ను ఎక్సెల్ షీట్లు, డీఏ బకాయిల షీట్లు అలా కావు. వాటిలో చాలావరకు మాక్రోల (షీటులో దాగిన చిన్న ప్రోగ్రామ్‌ల) మీద నడుస్తాయి. లిబ్రెఆఫీస్ కొన్ని మాక్రోలను నడుపుతుంది, కొన్నిటి దగ్గర బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. అసలు ముప్పు, అది సగం లెక్కవేసి ఊరుకున్నప్పుడు: అంకె కనిపిస్తుంది, తప్పని తెలియదు. ఈ షీట్లు మింట్‌లో నింపకండి. లెక్కల ప్రోగ్రామ్ ట్యాలీ కూడా విండోస్‌దే. బిల్లులకు వాడే డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే దాని కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇస్తుందో లేదో ముందే చూసుకోండి.

అందుకే ఆఫీసులో ఒక యంత్రం విండోస్‌గా మిగలాలి. పాత యంత్రమే అయితే మైక్రోసాఫ్ట్ వాల్యూమ్ లైసెన్సు ఉన్న విద్యాసంస్థలకు విండోస్ 10 పొడిగింపు అప్‌డేట్ల ధర మొదటి ఏడాది ఒక డాలరు, రెండో ఏడాది రెండు, మూడో ఏడాది నాలుగు డాలర్లు. ఒకే డిస్క్‌లో రెండు సిస్టమ్‌లూ ఉంచాలనుకుంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు. మింట్‌లోంచి డీ డ్రైవ్ చదవడానికే తెరుచుకుంటుంది, సేవ్ కాదు.

స్టాఫ్‌కు నేర్పేటప్పుడు మెనూలు చూపిస్తూ కూర్చోవద్దు. ఒక్కొక్కరి చేత వాళ్ల సొంత పని చేయించండి: వాళ్ల పెన్‌డ్రైవ్‌లోని వాళ్ల ఫైలు తెరిచి, తెలుగులో ఒక పేరా కొట్టి, వర్డ్ ఫార్మాట్‌లో దాచి, ఇదే ప్రింటర్‌లో తీసి చేతికివ్వాలి. ఆరుగురికి ఒక పూట పడుతుంది. సీ, డీ డ్రైవ్‌లు ఏవని తప్పక అడుగుతారు. "మీ ఫైళ్లన్నీ హోమ్ ఫోల్డర్‌లో, మీ పేరు కింద" అని చెబితే చాలు, పార్టిషన్ల పాఠం అక్కర్లేదు. దసరా సెలవులకు ముందు ఎక్కించి సెలవుల్లో మరిచిపోయేలా చేయకండి, తెరిచిన వారమే మంచిది. పరీక్షల వారంలో అసలొద్దు.

పెన్‌డ్రైవ్ గురించి విడిగా చెప్పాలి. కాపీ పట్టీ నిండి మాయమైనా, లోపల రాత ఇంకా సాగుతూనే ఉండవచ్చు. మింట్ ముందు ర్యామ్‌లోకి తీసుకుని తర్వాత నెమ్మదిగా రాస్తుంది. ఆ క్షణంలో లాగేస్తే ఇంటికెళ్లి చూసుకునేసరికి ఫైలు పేరుంటుంది, లోపల ఖాళీ. విండోస్‌లో చటుక్కున లాగే అలవాటు చాలామందిది. ఎజెక్ట్ గుర్తు నొక్కి, తీయవచ్చని సందేశం వచ్చేదాకా ఆగడమే మందు. ఇది కాగితం మీద రాసి ప్రతి మానిటర్ అంచున అంటించండి.

సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్‌ను మొదటి రోజే ఆన్ చేసి, వారానికొక స్నాప్‌షాట్ (ఆ రోజు సిస్టమ్ నకలు), రెండు నిల్వ చాలనుకోండి. అప్‌డేట్ చెడితే పావుగంటలో వెనక్కి వస్తుంది. అది సిస్టమ్‌ను కాపాడుతుంది కానీ మార్కుల ఫైళ్లను కాదు, మామూలు అమరికలో హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. వాటికి వేరే హార్డ్‌డిస్క్‌లో విడి కాపీ ఉండాలి.

అయిదులో ఎన్ని? స్టాఫ్‌రూమ్‌కు నాలుగు, ల్యాబ్‌కు నాలుగున్నర. జీతాల బిల్లులు, పన్ను షీట్లు, కానన్ 2900 ఒకే బల్ల మీదున్న ఆఫీసు గదికి ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా బ్రౌజర్ పుణ్యమే.