రబ్బరు స్టాంపులకు తడిగుడ్డా, క్లీనరా?

లేసు అల్లికల ప్యాకెట్ల ట్యాగుల మీదా పెళ్లి కవర్ల మీదా పూలూ లతలూ అచ్చేసే రబ్బరు స్టాంపులు వాడేవాళ్లు నరసాపురం, అమలాపురం వైపు ఉంటే, వాళ్లకు తెలిసిన తంటాయే ఇది: అచ్చేశాక స్టాంపుకు అంటిన ఇంకును దేంతో తుడవాలి?

మామూలు నీళ్ల ఇంకు అయితే నా ఓటు తడిగుడ్డకే. ఖర్చు లేదు, రబ్బరుకు హాని లేదు. గుడ్డను గట్టిగా పిండి, స్టాంపును దానిమీద నాలుగైదుసార్లు అద్దాలి. గీతల సందుల్లో రంగు మిగిలితే మెత్తటి టూత్‌బ్రష్, చుక్క సబ్బునీళ్లు. చెక్కపిడి ఉన్నదాన్ని మాత్రం నానబెట్టకండి, జిగురు వదిలి రబ్బరు లేచిపోతుంది. పైగా మన డెల్టా గాలిలో తడి ఎక్కువ. వానాకాలంలో సరిగ్గా ఆరని చెక్కకు బూజు పడుతుంది.

స్టేజాన్ లాంటి చెరగని ఇంకు దగ్గర తడిగుడ్డ చేతులెత్తేస్తుంది. అక్కడ ఇంకును కరిగించే సాల్వెంట్ క్లీనరే కావాలి, అదీ ఇంకు ఆరకముందే. వాసన ఘాటు కాబట్టి కిటికీలు తీసి పెట్టుకోవాలి. ఎర్ర రబ్బరు దీన్ని బాగానే తట్టుకుంటుంది. గాజులా కనిపించే ఫొటోపాలిమర్ స్టాంపులకైతే సీసా మీద రాసింది చదివాకే వాడాలి. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి వెళ్లొద్దు.

కోనసీమలో కొబ్బరినూనెకు కొదవ లేదు కదా అని అది రాయకండి. నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బుతుంది.

ఏది వాడినా కాస్త మరక మిగులుతుంది. దానికి టెన్షన్ అక్కర్లేదు, అచ్చులో తేడా రాదు. ఆరబెట్టేది నీడలోనే; ఎండకు రబ్బరు బిరుసెక్కుతుంది, ఫొటోపాలిమర్ పసుపు తిరుగుతుంది.