జాజ్‌కి మిడ్ రేంజ్ బేస్ గిటార్: స్క్వయర్ జాజ్ బేసా, యమహా బీబీ434నా, సైర్ వీ7ఆ?

ముందే చెప్పేస్తున్నా, పేరులో జాజ్ ఉంది కదా అని జాజ్ బేస్ కొనేయకండి. 1960లో ఫెండర్ వాళ్ళు సన్నటి నెక్‌తో ఆ మోడల్ తెచ్చి, జాజ్ వాయించేవాళ్ళకి నచ్చుతుందని ఆ పేరు పెట్టారు, ఆ తర్వాత రాక్ వాళ్ళూ ఫంక్ వాళ్ళూ అందరూ వాడేశారు. అసలు అంతకుముందే, 1950ల మొదట్లోనే, లయొనెల్ హాంప్టన్ బ్యాండ్‌లో మంక్ మాంట్‌గొమెరీ జాజ్ వాయించింది ఫెండర్ వాళ్ళ అంతకుముందు మోడల్ ప్రెసిషన్ బేస్ మీద. కాబట్టి పేరు పక్కనపెట్టి, మన చేతికి ఏం పని పడుతుందో చూద్దాం.

జాజ్‌లో బేస్ పని ఎక్కువ భాగం వాకింగే. బార్‌కి నాలుగు నోట్లు, పాట మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా, డ్రమ్మర్ రైడ్ సింబల్‌తో అతుక్కుని నడవాలి, పైన పియానో ఎడమచేయి అదే ఏరియాలో తిరుగుతుంటుంది, అందులో మన నోటు గుండ్రంగా మొదలై టైమ్‌కి తగ్గిపోవాలి. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్‌లో తీగ పొడవే దాదాపు 105 సెంటీమీటర్లు, నోటు ధమ్మని పుట్టి తనంతట తనే తగ్గుతుంది. మన ఎలక్ట్రిక్ బేస్‌లో 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లే, పైగా కొత్త రౌండ్‌వౌండ్ స్ట్రింగ్స్ (గుండ్రటి తీగ చుట్టిన గరుకు స్ట్రింగ్స్) ఉంటే నోటు గణగణమంటూ సాగుతూనే ఉంటుంది. జాజ్‌కి ఆ గణగణే అడ్డం. ఇంకోటి, జాజ్‌ని చాలాసార్లు తక్కువ సౌండ్‌తో వాయిస్తారు, బ్యాలడ్‌లో అయితే బ్రష్‌ల చప్పుడు తప్ప ఏమీ ఉండదు, అక్కడ ఆంప్‌లోంచి హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే చప్పుడు, వస్తే అందరికీ వినిపిస్తుంది.

బడ్జెట్ 40 వేల నుంచి 80 వేల మధ్య అనుకుంటున్నా. రేట్లు షాపుని బట్టి, డాలర్ని బట్టి మారుతుంటాయి, మూడింట్లో మామూలుగా సైర్ వీ7కే కాస్త ఎక్కువ పెట్టాల్సొస్తుంది.

స్క్వయర్ (ఫెండర్ వాళ్ళదే, తక్కువ ధర బ్రాండ్) క్లాసిక్ వైబ్ 60స్ జాజ్ బేస్‌తో మొదలెడదాం. దీని అసలు సుఖం నెక్. నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు 38 మిల్లీమీటర్లే, చిన్న చేతులున్నవాళ్ళకి మొదటి ఫ్రెట్ల దగ్గర వాకింగ్ చాలా తేలిక, గంటసేపు వాయించినా మణికట్టు లాగదు. బ్యాటరీ గొడవ లేదు, రెండు వాల్యూములు ఒక టోన్, అంతే. కానీ ఇందులో ఒక చిక్కుంది, కొనేముందు ఇది అర్థం చేసుకోవాలి. తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్పులు రెండూ సింగిల్ కాయిల్, అంటే ఒక్కోదాంట్లో ఒకటే కాయిల్, అది హమ్‌ని కూడా పట్టేస్తుంది. రెండూ ఫుల్‌గా పెడితే హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, కానీ అప్పుడు సౌండ్ మధ్యలో బోలుగా అయిపోతుంది, స్లాప్‌కి (బొటనవేలితో తీగని కొట్టి వాయించడానికి) అది బాగుంటుంది గానీ వాకింగ్‌కి నోటులో కండ ఉండదు. వాకింగ్‌కి కావాల్సిన లావు సౌండ్ నెక్ వైపు పికప్ ఒక్కదాన్నే పెడితే వస్తుంది, అలా పెట్టగానే హమ్ మొదలు.

ఈ హమ్ సంగతి అమెరికా వీడియోల్లో చూస్తే చిన్న విషయంలా ఉంటుంది, మన ఇళ్ళలో వేరు. ఎర్తింగ్ అంతంతమాత్రం, పైన ఫ్యాన్ రెగ్యులేటర్, పక్కన ఇన్వర్టర్. మన కరెంటు 50 హెర్ట్జ్, బేస్‌లో అన్నిటికంటే లావు తీగ (E స్ట్రింగ్) మూడో ఫ్రెట్ జీ నోటు 49 హెర్ట్జ్, అంటే మనం వాయించే నోటు పక్కనే ఇంకో నోటు ఎవరో ఆపకుండా పట్టుకుని కూర్చున్నట్టు. మా రిహార్సల్ రూమ్‌లో ఒకసారి ఇలాంటి సింగిల్ కాయిల్ బేస్‌తో బ్యాలడ్ వాయిస్తుంటే, మా డ్రమ్మర్ అన్న మధ్యలో ఆపేసి "అన్నా, ఆ కింద జీ నువ్వు పట్టుకున్నావా?" అని అడిగాడు. నేను అసలు ఆ తీగ ముట్టుకోలేదు.

యమహా బీబీ434 నా లెక్కలో ముందుకొచ్చేది ఇక్కడే. ముందువైపు, అంటే నెక్ వైపు, ప్రెసిషన్ రకం పికప్, వెనకాల జాజ్ రకం పికప్. ముందుది రెండు ముక్కలుగా ఉంటుంది కదా, ఆ డిజైన్ 1957 నుంచి ఉన్నదే, రెండు ముక్కలూ ఒకదాని హమ్ ఒకటి చంపేసుకుంటాయి, అంటే ఆ ఒక్క పికప్ పెట్టుకుని టోన్ నాబ్ సగం కంటే కిందకి దించితే లావు సౌండ్, నిశ్శబ్దం రెండూ దొరుకుతాయి. ఇదీ పాసివే, అంటే బ్యాటరీ లేనిదే. సోలో వచ్చినప్పుడు వెనక పికప్ కొంచెం కలిపితే నోటుకి అంచు వస్తుంది. నెక్ స్క్వయర్ అంత సన్నం కాదు, అలవాటుకి కొన్ని వారాలు పట్టొచ్చు. పేరున్న పాత ఫెండర్ షేప్ కాదు కాబట్టి చూడ్డానికి కొందరికి నచ్చదు, నాకైతే అది లెక్కలోకి రాదు.

సైర్ వీ7, పేరున్న బేసిస్ట్ మార్కస్ మిల్లర్‌తో కలిసి చేసిన బేస్. ఆయన వాయించేది 1977 జాజ్ బేస్, ఆ స్లాప్ సౌండ్ కోసమే చాలామంది దీన్ని కొంటారు, ఆ పనికి ఈ ధరలో దీన్ని కొట్టేది కష్టం. ఫింగర్‌బోర్డ్ అంచులు నున్నగా గుండ్రం చేసి ఉంటాయి, చేతికి చాలా హాయి. లోపల సౌండ్ పెంచి టోన్ మార్చే 18 వోల్టుల ప్రీఆంప్, అంటే రెండు 9 వోల్టుల బ్యాటరీలు, మిడ్ ఏ ఫ్రీక్వెన్సీలో కావాలో తిప్పుకోవచ్చు, చిన్న స్విచ్ కొడితే పాసివ్ అయిపోతుంది. మీ బ్యాండ్ ఫ్యూజన్, ఫంక్ వైపు ఉంటే ఇదే కొనండి, ఆలోచించక్కర్లేదు. స్టాండర్డ్స్ (జాజ్‌లో అందరూ వాయించే పాత పాటలు) మాత్రమే వాయించేవాళ్ళకి మాత్రం అన్ని నాబ్‌లు ఎందుకో నాకు అర్థం కాదు. పైగా ఇలా బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్‌లో జాక్ తీయకుండా వదిలేస్తే బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది, నా పాత యాక్టివ్ బేస్ ఒకటి (వేరే కంపెనీది) ప్రోగ్రామ్ మధ్యలో అలాగే ఆగిపోయింది, పాసివ్ స్విచ్ కూడా లేదు దానికి, మిగతా పాట బేస్ లేకుండానే నడిచింది. ఆ రోజు నుంచి నాకు పాసివ్ అంటేనే ధైర్యం.

మెక్సికోలో చేసే ఫెండర్ ప్లేయర్ (ఇప్పుడు ప్లేయర్ II) జాజ్ బేస్ సంగతి కూడా అడుగుతారు. మంచిదే, కానీ ఈ బడ్జెట్ దాటిపోతుంది, పైగా అదీ సింగిల్ కాయిలే, హమ్ సంగతి అలాగే ఉంటుంది.

నన్నడిగితే స్టాండర్డ్స్‌కి యమహా. చెయ్యి చిన్నది, లేదా పేరున్న బేసిస్ట్ జాకో పాస్టోరియస్ లాగా వెనక పికప్ మీద పాడించాలని ఉంది అంటే స్క్వయర్. ఏది కొన్నా డబ్బంతా బేస్ మీదే పెట్టేయకండి, ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్‌కీ (పైన నున్నగా ఉండేవి) సెటప్‌కీ (బేస్‌ని సరిచేయించడానికీ) కొంత ఉంచుకోండి. నా అనుభవంలో పికప్పుల తేడా కంటే స్ట్రింగ్స్ తేడానే ఎక్కువ వినబడుతుంది, ఆ గణగణ పోయి నోటు ధమ్మని పడుతుంది, ఒకసారి వేస్తే ఏళ్ళు వస్తాయి కాబట్టి రేటు చూసి భయపడక్కర్లేదు. స్ట్రింగ్స్ మార్చగానే నెక్ మీద లాగుడు మారుతుంది, నెక్ లోపలి ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, సరిచేయించాలి, వర్షాకాలంలో ఇంకోసారి చూపించుకోవాలి.

షాపుకెళ్ళినప్పుడు ఆంప్‌లో ట్రెబుల్ తగ్గించి, ముందు పికప్ ఒక్కటే పెట్టి, ఎఫ్ బ్లూస్ ఒక రెండు కోరస్‌లు (పాట పూర్తి చుట్లు) మెల్లగా వాకింగ్ వాయించండి. తర్వాత జీ స్ట్రింగ్ మీద ఐదు, ఆరు, ఏడు ఫ్రెట్లు ఒక్కొక్కటీ కొట్టి వదిలేసి వినండి, ఈ రకం నెక్‌లలో నోటు చచ్చిపోయే చోటు ఎక్కువగా అక్కడే ఉంటుంది. పక్క నోట్లు నిలబడి ఆ సీ గానీ డీ గానీ చటుక్కున ఆగిపోతే, అదే మోడల్‌లో ఇంకో పీస్ తీయించండి.