జీరో అవర్, 377 నిబంధన, లిఖితపూర్వక ప్రశ్న: మన ప్రాంత సమస్యకు ఢిల్లీలో ఏది మేలు?

మన ఎంపీలలో ఎవరో ఒకరు లోక్‌సభలో మాట్లాడిన వీడియో ఫోన్లలో తిరగడం మొదలైతే చాలు, హనుమకొండలో తెలిసినవారు నన్ను అడిగేది ఒకటే: "సభలోనే అడిగారు కాబట్టి, ఇక కేంద్రం జవాబు చెప్పక తప్పదు కదా?" అది ఏ దారిలో అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ వీడియోలలో ఎక్కువభాగం జీరో అవర్‌వి, అక్కడ జవాబు చెప్పి తీరాలన్న నియమం మంత్రికి లేదు.

జీరో అవర్ అనే మాటే సభా నియమావళిలో లేదు. ప్రశ్నోత్తరాల గంట తర్వాత అలవాటుగా వచ్చిన ఆ సమయంలో సభ్యుడికి రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి, తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఆ మాట అదే రోజు ఊరికి చేరుతుంది. వరద ముంచెత్తినప్పుడో, పత్తి కొనుగోలు ఆగిపోయి మార్కెట్ యార్డు బయట బండ్లు బారులు తీరినప్పుడో దీనికి మించిన దారి లేదు. అయితే సభ గందరగోళంలో వాయిదా పడితే ఆ రోజు అవకాశం అంతటితో పోయినట్టే.

లోక్‌సభ నియమావళిలోని 377 నిబంధన ఇంతకంటే కొంత నయం. 250 పదాలకు మించని పాఠాన్ని సభ్యుడు చదవడమో, సభకు సమర్పించడమో చేస్తాడు, సంబంధిత మంత్రి నెలలోగా జవాబు రాయాలన్నది ఆనవాయితీ. కానీ ఆ జవాబు ఆ సభ్యుడికి వెళ్లే ఉత్తరం, ఆయన బయటపెడితే తప్ప మనకు కనిపించదు. రాజ్యసభలో ప్రత్యేక ప్రస్తావన కూడా దాదాపు ఇలాంటిదే. మంత్రి కాని సభ్యుడు పెట్టే ప్రైవేటు సభ్యుల బిల్లు గురించి ఎక్కువ చెప్పుకోనక్కరలేదు, అలాంటి బిల్లు చివరిసారి చట్టమైంది 1970లో.

ప్రశ్న సంగతి వేరు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 వరకు నక్షత్ర గుర్తు లేనివి జాబితాకెక్కుతాయి. మొదటి రకంలో మంత్రి లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలతో నిలదీయవచ్చు కనుక అదే మేలని చాలామంది అంటారు. నిజమే, కానీ లాటరీలో పేరు రావాలి, వచ్చినా ప్రశ్నోత్తరాల గంట ముగిసేలోపు జాబితాలో పైనున్న కొన్నింటికే వంతు దక్కుతుంది. మిగిలినవాటికి లిఖితపూర్వక సమాధానమే గతి. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు మొదటి నుంచీ వచ్చేది అదే, సభ వాయిదా పడినా ఆ కాగితం రికార్డులోకి వెళుతుంది, పదేళ్ల తర్వాతైనా ఎవరైనా తీసి చూడవచ్చు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన అంశం ఇదే.

ఇందుకు కాజీపేట రైల్వే కోచ్ ఫ్యాక్టరీకి మించిన ఉదాహరణ లేదు. 1980లలో పంజాబ్‌లోని కపుర్తలాకు తరలిపోయిందని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకునే ఆ ఫ్యాక్టరీ 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో మళ్లీ కనిపించింది. అయితే చట్టం చెప్పింది ఫ్యాక్టరీ కట్టమని కాదు, ఆరు నెలల్లోగా సాధ్యాసాధ్యాలు పరిశీలించమని. ఉమ్మడి ఖమ్మం జిల్లా ఉక్కు కర్మాగారం విషయంలోనూ ఇదే మాట. అందుకే "కోచ్ ఫ్యాక్టరీ ఎప్పుడు వస్తుంది?" అని అడిగితే "పరిశీలించాం, సాధ్యం కాదు" అన్న ఒక్క వాక్యంతో తప్పుకోవచ్చు. "ఎప్పుడు పరిశీలించారు, ఏ లెక్కల ఆధారంగా సాధ్యం కాదన్నారు, ఆ నివేదికను సభ ముందు ఉంచుతారా?" అని (ఎ), (బి), (సి) భాగాలుగా విడదీసి అడిగితే అంత తేలిక కాదు. అప్పుడూ "(ఎ) నుంచి (సి) వరకు" అని మూడింటినీ కలిపి ఒకే పేరాలో జవాబిచ్చే నేర్పు మంత్రిత్వ శాఖలకు ఉంది, కానీ దేనికి జవాబు ఎగ్గొట్టారో చదివినవారికి తెలిసిపోతుంది.

ఇందులో చాలామంది పట్టించుకోని మరో లాభం ఉంది. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని మంత్రి అంటే ఆ మాట హామీ కింద లెక్కకు వస్తుంది. మామూలుగా మూడు నెలల్లోగా నెరవేర్చాలి, లేకుంటే గడువు కోరాలి, ఈ లెక్క చూసేది ప్రభుత్వ హామీల కమిటీ. మంత్రిని ఆయన గదిలో కలిసి శాలువా కప్పి ఇచ్చే వినతిపత్రానికి ఇలా వెంటబడి అడిగేవారెవరూ లేరు. అలాగని వినతిపత్రాన్ని తీసిపారేయలేను, నిధుల నిర్ణయాలు జరిగేది ఆ గదులలోనే.

ప్రశ్న వేస్తే పని అయిపోతుందని నేను అనను. నిజామాబాద్ పసుపు బోర్డు ఉదంతం చూడండి: 2019లో 178 మంది రైతులు ఎన్నికల బరిలో దిగి బ్యాలెట్‌ను నింపేసిన తరువాత, 2023 అక్టోబరులో ప్రకటన వచ్చి, 2025 జనవరిలో బోర్డు ప్రారంభమైంది. అక్కడ నడిపించింది ఓటు. కాజీపేటలో మాత్రం మొదట ఓవర్‌హాలింగ్ వర్క్‌షాప్ అన్నారు, తరువాత వ్యాగన్ల తయారీ అన్నారు, 2023 జూలైలో దానికి శంకుస్థాపన చేశారు. ఇలా ఏటా పేరు మారే వాగ్దానానికి, ఏ ఏడాది ఏమన్నారో చూపే లిఖిత జవాబులే తగిన ఆధారం.

ఒక చిక్కు మాత్రం ఉంది. మంత్రి పదవిలో ఉన్న ఎంపీ ప్రశ్న వేయరు. 2024 నుంచి కరీంనగర్ ఎంపీ కేంద్ర సహాయమంత్రి కాబట్టి, అక్కడి సమస్యపై లిఖిత జవాబు కావాలంటే వరంగల్ లేదా పెద్దపల్లి ఎంపీ చేతో అడిగించాలి. నోటీసుకు కనీసం 15 రోజుల వ్యవధి ఉండాలి, ప్రశ్న 150 పదాలు దాటకూడదు, కనుక ఆ కాగితం సమావేశాలు మొదలుకాకముందే వారి కార్యాలయానికి చేరాలి.